ముప్పై ఒకటో పేజీ

సోమవారం సాయంత్రం నాలుగు గంటలకు మాస్టారు సంచీ సర్దుకున్నారు.

ముందుగా కీబోర్డు పెట్టారు. అది డిపో ఇచ్చింది కాదు, ఆయన సొంతం. మీటల మీద అక్షరాలు ఏనాడో అరిగిపోయి, ఏ మీట ఏదో ఆయన వేళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియకుండా పోయింది. దాని తీగను జానెడేసి మడతలు పెట్టి రబ్బరు బ్యాండు వేశారు. తరువాత భూతద్దం, దాన్ని తుడుచుకునే గుడ్డ. తరువాత టిఫిన్ డబ్బా. చివరగా కుర్చీ వీపున వేలాడే ఊలు శాలువా. మిషను గదిలో చలి ఎక్కువ. బయట ఎండ మండిపోతున్నా లోపల ఆయన శాలువా కప్పుకునే కూర్చునేవారు.

గుమ్మంలో వాచ్‌మన్ నిలబడి ఒక్కొక్క వస్తువునూ కాగితం మీద రాసుకుంటున్నాడు. రోజూ పొద్దున లేచి నిలబడి దండం పెట్టే మనిషి, ఇవాళ ఆయన ముఖంలోకి చూడలేక నేల చూస్తున్నాడు.

"కీబోర్డు మీదేనని ఎవరైనా సంతకం పెట్టాలండి. పైనుంచి చెప్పారు."

"నేను పెడతాను," అంది ఆయనతోపాటు ఆ గదిలో పనిచేసే శిష్యురాలు. వాచ్‌మన్ చేతిలోని పెన్ను తీసుకుని సంతకం పెట్టింది.

మాస్టారు నవ్వారు. "పోనీ శాలువాక్కూడా పెట్టు తల్లీ, మళ్ళీ డిపో ఆస్తి కప్పుకుపోయాడంటారు."

వాచ్‌మన్ నవ్వబోయి ఆగిపోయాడు.

అది బస్సు డిపో. ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలో, ఏ కండక్టరు ఏ రూటుకు పోవాలో, ఏ బస్సు ఆ పూట షెడ్డులో ఉండిపోవాలో చెప్పే డ్యూటీ చార్టు తెల్లవారుజామున నాలుగున్నరకు ఒకసారి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకసారి మిషను గదిలో, అందరూ మిషను అనే కంప్యూటరు మీద అచ్చవుతుంది. ఆ గదిలో పనిచేసేది ఇద్దరే. మాస్టారు, ఆయన దగ్గర పని నేర్చుకున్న ఈమె. ప్రోగ్రాములు రాయడం ఈమె ఉద్యోగమే అయినా డ్రైవర్లు మిషనమ్మ అంటారు. మొదట్లో ఉడుక్కునేది. ఇప్పుడు ఆ పేరుతో పిలిస్తేనే ముందు పలుకుతుంది.

మిషనమ్మ రాజీనామా కాగితం మేనేజరు సొరుగులో పడి మూడు నెలలయింది. భర్తకు వేరే ఊళ్ళో పని. ఎనిమిదేళ్ళ కూతురు తండ్రి దగ్గరే ఉండి చదువుకుంటోంది. అదే ఊళ్ళో ఈమెకూ ఉద్యోగం దొరికింది. వచ్చే సోమవారం చేరాలి, చేరాలంటే ఇక్కడి రిలీవింగ్ లెటర్ చేతిలో ఉండాలి. మేనేజరు కాదనలేదు. "మీ ఇద్దరి బుర్రల్లో ఉన్నదంతా పుస్తకంగా రాసివ్వండి, ఆ రోజే సంతకం పెడతాను," అన్నాడు. రెండు నెలలు కూర్చుని నలభై పేజీలు రాసింది. ప్రతి పేజీ మాస్టారికి చూపించింది. శుక్రవారం బైండు చేయించి ఇచ్చింది.

ఇవాళ మూడు గంటలకు మేనేజరు ఇద్దర్నీ పిలిపించాడు.

"పుస్తకం బ్రహ్మాండంగా ఉందండీ. దీన్ని పెట్టుకుని ఎవరైనా మిషను నడిపేయొచ్చు," అని మెచ్చుకుని మాస్టారి వైపు తిరిగాడు. "అంచేత మాస్టారూ, మీ కాంట్రాక్టు ఇక పొడిగించడం లేదు. నెలాఖరు దాకా కూడా ఎందుకు, ఇవాళ్టి నుంచే విశ్రాంతి తీసుకోండి. మీరు చేసింది తక్కువేం కాదు." ఆ పైన ఈమెతో, "మీరు మాత్రం ఒక ఏడాది ఉండాలమ్మా. పుస్తకంలో అనుమానమొస్తే రాసినవాళ్ళు ఉండొద్దూ?"

"సార్, నేను అది రాసిందే వెళ్ళడానికి."

"వెళ్దురుగాని. ఎవరు కాదన్నారు?"

మాస్టారు మేనేజరుకు నమస్కారం పెట్టి లేచారు. అదే ఆమెకు గుండెల్లో గుచ్చుకుంది. తాను బయటపడదామని తవ్విన దారిలోంచి ఆయన్ను నెట్టేసి, తన ముందు తలుపు మూశారు.

కిటికీలోంచి చూసింది. భుజానికి సంచీ తగిలించుకుని మాస్టారు గేటు దాటి, రోడ్డు దాటి, బస్సుల కోసం నిలబడే జనంలో నిలబడ్డారు. ఆయన రాసిన చార్టు ప్రకారం వచ్చిన బస్సు ఎక్కి వెళ్ళిపోయారు.

వెనక చప్పుడైంది. మేనేజరు, చేతిలో పుస్తకం.

"ముప్పై ఒకటో పేజీ," అన్నాడు. "ఉద్యోగి వెళ్ళిపోయిన రోజే అతని ఖాతానూ, అతని ఫైళ్ళనూ మిషను మీద నుంచి తీసివేయాలి. మీరు రాసిందేగా? కానివ్వండి. నా కళ్ళముందే అయిపోతే హెడ్డాఫీసుకు రాసేస్తాను."

అది పుస్తకాల్లో ఉండే మంచి పద్ధతే. రాసేటప్పుడు తన ఖాతా తీసేసే రోజును తలుచుకుంటూ రాసింది. ఆమె నల్లటి తెర ముందు కూర్చుంది. బొమ్మలు లేవు, మౌసు లేదు, ఒక తెల్లటి గీత వెలిగి ఆరుతూ ఉంటుంది. ఖాతాను తీసేసే మాట, ఫైళ్ళతో సహా అని చెప్పే గుర్తు, ఆ పక్కన మాస్టారి పేరులో మొదటి ఆరు అక్షరాలు. కొట్టింది. వేలు మీట మీద ఒక్క క్షణం ఆగింది.

"ఏమైనా ఇబ్బందా?" అన్నాడు మేనేజరు.

నొక్కింది. మిషను ఏమీ అనలేదు. గీత మళ్ళీ మామూలుగా వెలిగి ఆరుతోంది.

"అయిపోయిందా?"

"అయిపోయింది సార్."

కొత్తలో ఒకసారి ఫైలు నకలు తీయమని చెప్పి, మిషను ఏమీ అనకపోతే పది నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చుంది. మాస్టారు చూసి పొట్టపట్టుకుని నవ్వారు. "ఇది మన మేనేజరు కాదు తల్లీ, చేసిన ప్రతి పనికీ చప్పట్లు కొట్టమనడానికి. తప్పయితేనే నోరు విప్పుతుంది. ఏమీ అనలేదంటే పనైపోయినట్టే."

మంగళవారం తెల్లవారుజామున అయిదుకు పది నిమిషాలు ఉందనగా ఫోను మోగింది. డ్యూటీ కిటికీ దగ్గర కూర్చునే గుమస్తా అక్క.

"ఒసేయ్ మిషనమ్మా, చార్టేదే?"

"అచ్చవలేదా?"

"అచ్చయితే నీకెందుకు చేస్తానే పొద్దున్నే! ఇక్కడ కిటికీ ఊడి నా మీద పడేలా ఉంది, రా."

జడ వేసుకోకుండానే పరుగెత్తింది. డిపో ఆవరణలో బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి, ఇంజన్లు చల్లగా. కిటికీ ముందు అరవై మంది.

"అదుగో మిషనమ్మ వచ్చింది! అమ్మా, ఇవాళ అందరికీ సెలవేనా? ఉంటే చెప్పు, ఇంటికెళ్ళి ముసుగుతన్ని పడుకుంటాను."

"వాడికి రోజూ సెలవే. స్టీరింగు పట్టుకునే నిద్రపోతాడు."

"నీ బండెక్కినవాళ్ళకే తెలుసులే నిద్ర పోతుందో, ప్రాణం పోతుందో."

గుమస్తా అక్క నిన్నటి చార్టు ముందేసుకుని చేత్తో రాస్తోంది. అర్ధరాత్రి బండి దిగిన డ్రైవరు పేరే మళ్ళీ మొదటి బస్సుకు రాసేసింది. ఒకే బస్సుకు ఇద్దరు కండక్టర్లను వేసింది. వాళ్ళిద్దరూ టికెట్ల పెట్టెలు చంకలో పెట్టుకుని ఒకరి మీదికి ఒకరు లేస్తున్నారు. అయిదింపావుకు కదలాల్సిన మొదటి బస్సు ఆరున్నరకు కదిలింది. గేటు బయట జనం వాచ్‌మన్‌ని తిట్టిన తిట్లు మిషను గదిలోకి వినపడ్డాయి.

కారణం ఆమెకు రెండు నిమిషాల్లో తెలిసింది. ఏ వేళకు ఏ పని జరగాలో మిషనుకు రాసిచ్చే పట్టీ ఒకటుంటుంది, క్రాన్ అంటారు. ఆ పట్టీ ఎవరో ఒకరి పేరు మీద ఉండాలి. డిపోలో జరిగే ఇరవై మూడు పనులూ మాస్టారి పేరు మీద ఉన్నాయి. ఆ పనుల ఫైళ్ళన్నీ మాస్టారి ఫోల్డరులో ఉన్నాయి. నిన్న సాయంత్రం నాలుగున్నరకు, ఏమీ అనకుండా, మిషను వాటన్నిటినీ తుడిచేసింది.

పుస్తకం తీసి చూసింది. 'నాలుగున్నరకు చార్టు అచ్చవుతుంది' అని ఆరో పేజీలో తన రాతే. ఎవరి పేరు మీద అన్నది నలభై పేజీల్లో ఎక్కడా లేదు. రాసేటప్పుడు అడిగితే మాస్టారు ప్రతిసారీ అలవాటుగా చెయ్యి ఊపి, "అది దానంతటదే జరుగుతుంది తల్లీ," అన్నారు. ఆమె కూడా అలవాటుగా తల ఊపింది.

బీరువాలోంచి, ఆదివారం ఫైళ్ళన్నిటికీ నకలు తీసిపెట్టిన టేపు తీసింది. టేపు తిరిగే యంత్రం పాతది, మూలుగుతూ ఆగుతూ చదువుతుంది. పదకొండు గంటలకు ఫైళ్ళన్నీ తిరిగొచ్చాయి. మాస్టారి ఖాతా మళ్ళీ తెరిచి అందులో పోసేస్తే అయిపోతుంది. మేనేజరు వెనకే నిలబడ్డాడు.

"ఆయన పేరు మిషనులో మళ్ళీ కనపడకూడదు. తీసేశామని హెడ్డాఫీసుకు రాశాను. మీ పేరు మీద పెట్టండి."

"సార్, నేను వెళ్ళేదాన్ని—"

"ముందు బస్సులు కదలనివ్వండమ్మా! జనం రోడ్డు మీదున్నారు."

ఇరవై మూడు చోట్ల మాస్టారి పేరు తీసి తన పేరు కొట్టింది. ఇరవై రెండు పనులు నడిచాయి. పక్క డిపోకు చార్టు పంపే చివరి పని మాత్రం నడవలేదు. ఆ డిపో మిషను మాస్టారి పేరును తప్ప ఇంకొకరిని నమ్మదు. అది ఫ్యాక్స్‌లో పంపుకుంటామని మేనేజరు అన్నాడు. ఒంటిగంట చార్టు అచ్చయింది. కాగితం చివర, ఇరవై ఆరేళ్ళుగా మాస్టారి పేరు పడేచోట 'ముద్రించినవారు' అని ఉండి, పక్కన ఆమె పేరు పడింది.

"ఇప్పుడీ మిషను నిజంగా మీదయింది," అని మేనేజరు అభినందించాడు.

ఆమె ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. తన పేరు మీట నొక్కినంత తేలిగ్గా అక్కడ కూర్చుంది. తీయాలంటే బస్సులన్నీ ఆగిపోతాయి.

సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. "అమ్మా, ఇంకెన్ని నిద్రలు?"

"నాలుగు."

"పోయిన నెల కూడా నాలుగే అన్నావు. నాన్న నా మంచం గోడవైపు జరిపాడు, నీ మంచం పట్టాలని. పట్టిందమ్మా. నేను దాని మీద పడుకుని చూశాను. నీ కంప్యూటరు మీద నేనంటించిన పెంగ్విను ఉందా, పీకేశావా?"

"ఉందిలే."

"మరి ఈసారి నిజంగా వస్తున్నావా?"

"నాన్నకివ్వు," అందామె. భర్త ఫోను అందుకున్నాడు. "ఏమిటి, మళ్ళీ ఏమైనా అడ్డం పడిందా?"

"లేదు," అంది. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

బుధవారం మధ్యాహ్నం భోజనాలవేళ గది ఖాళీ అయ్యాక, టేపులోంచి వచ్చిన మాస్టారి ఫైళ్ళు తెరిచి చదవడం మొదలుపెట్టింది. మిషను పట్టించుకోని వరసలు కొన్ని ఉంటాయి, మనుషులు మనుషులకోసం రాసుకునేవి. మాస్టారు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు రాసుకునేవారు. పాత ఫైళ్ళలో అన్నీ పొడిపొడి మాటలు. 'ఇది ముట్టుకోవద్దు.' 'ఇది ఎందుకు నడుస్తోందో నాకూ తెలీదు, నడవనీ.' ఒక ఫోల్డరు మాత్రం పోయిన నెల మొదలైంది. పైన ఇలా ఉంది.

'తల్లీ, అన్నీ నా పేరు మీద పెట్టి తప్పు చేశాను. నేను లేకపోతే నీ మెడకు చుట్టుకుంటాయి. ఒక్కొక్కటే తీసి, ఎవరి పేరూ లేని ఖాతాలోకి మారుస్తున్నాను. ఖాతా పేరు డిపో. నువ్వు వెళ్ళేలోగా అయిపోతుంది. అప్పుడిక నిన్నెవరూ ఆపలేరు.'

పద్నాలుగు పనులు మార్చి రాసి ఉన్నాయి, మిషనుకు మాత్రం ఇంకా ఎక్కించలేదు. పదిహేనోది సగంలో ఉంది. ఫైలు మీది తేదీ మొన్న శుక్రవారం.

ఆ సాయంత్రమే వెళ్ళింది. మూడు మెట్ల వరసలెక్కితే మాస్టారి ఇల్లు. రెండు గదులు. బల్ల మీద అరిగిన కీబోర్డు ఉంది. తీగ దేనికీ తగిలించలేదు, బల్ల అంచు నుంచి వేలాడుతోంది.

"కూర్చో. టీ పెడతాను. చక్కెర ఎక్కడుందో వెతుక్కోవాలి, పగటిపూట ఇంట్లో ఉండి ఎరగను."

"మాస్టారూ, మీ ఫోల్డరు నేనే తుడిచేశాను."

"తెలుసు. నిన్న గుమస్తా ఫోన్ చేసి నాకూ నాలుగు తిట్లు పెట్టింది." టీగిన్నె పొయ్యి మీద పెట్టారు. "రాసినట్టు చేశావు. నేనే చెప్పి వెళ్ళాల్సింది. ఆ వాచ్‌మన్ నా టిఫిన్ డబ్బా మూత తీసి చూస్తుంటే మనసు అటే పోయింది. బుర్రలో ఇంకేమీ మిగల్లేదు."

"అడిగినప్పుడల్లా దానంతటదే జరుగుతుందన్నారు."

"అన్నాను. దానంతటదే ఏదీ జరగదు తల్లీ. ఎవరో ఒకరి పేరు మీద జరుగుతుంది." ఆయన గిన్నెలో టీపొడి వేశారు. "మొదటిరోజు తొందరలో నా పేరు మీద పెట్టాను. రేపు మారుద్దామనుకున్నాను. ఆ రేపు ఇరవై ఆరేళ్ళు నడిచింది. మా ఆవిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు డిపోలో మిషను డిస్కు పాడైంది. మారుస్తున్నాను. వచ్చారా అని రెండుసార్లు అడిగిందట. పని ముగించుకునే వెళ్ళాను. వెళ్ళేసరికి అడిగే మనిషి లేదు."

టీ పొంగి పొయ్యి మీద పడింది. ఇద్దరూ ఒక్కసారే చెయ్యి చాపారు.

"నా పేరు మీద పెట్టించారు," అందామె. "కాగితం చివర నా పేరు పడుతోంది."

మాస్టారు గిన్నె వదిలేశారు. "ఎన్ని మిగిలాయి?"

"తొమ్మిది. పక్క డిపోది అసలు నడవడం లేదు."

"రేపు పదింటికి నీ ఫోను దగ్గర పెట్టుకో."

గురువారం పదింటికి డిపోకు ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద మాస్టారు వచ్చి కూర్చున్నారు. గేటు లోపలికి రానివ్వరు. రావాలని ఆయనా అడగలేదు. మిషను గది కిటికీలోంచి రోడ్డవతల ఆయన బట్టతల కనపడుతూనే ఉంది. ఇటు ఆమె చెవికీ భుజానికీ మధ్య ఫోను. చేతులు రెండూ మీటల మీద.

"పదిహేనోది తెరిచావా? నాలుగో వరసలో నా ఫోల్డరు పేరుంటుంది, తీసెయ్. ఆ కిందది చూడకుండా కొట్టకు, చదివి కొట్టు."

టీ తాగే డ్రైవర్లు చుట్టూ చేరారు. "మాస్టారూ, అరగంట నుంచీ గీతలూ చుక్కలూ అంటున్నారు. ఎవరి జాతకం?"

"నీదే. ఇంకా బాగుపడే యోగం కనపడలేదు, లే పక్కకి."

ఆమె ఫోనులో ఆ నవ్వులు విని కిటికీ ఇవతల తానూ నవ్వింది. ఈ గదిలో నవ్వి నాలుగు రోజులయింది. ఇరవై రెండూ ఎవరి పేరూ లేని ఖాతాలోకి మారేసరికి మధ్యాహ్నం మూడయింది. మాస్టారు నాలుగు టీలు తాగారు. ఎండ బెంచీ మీదికి వచ్చి, ఆయన కూర్చున్నచోటి నుంచి రెండుసార్లు జరిగారు.

"ఇక పక్క డిపో," అన్నారు. "నా పేరుతో వాళ్ళకిచ్చిన తాళంచెవి ఫైలు టేపులో వచ్చిందిగా. దాన్ని తెరిచి, మన కొత్త ఖాతాకు వేరే తాళంచెవి చేసి అవతలికి పంపాలి. తెరవడానికి ఒక రహస్య వాక్యం అడుగుతుంది." ఆగారు. "నవ్వకూడదు."

"నవ్వను."

"ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టు. 'ఇవాళ పెందలాడే ఇంటికి వెళ్ళాలి.'"

ఆమె వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. మిషను ఎప్పుడు ఆపి తెరిచినా, ఆ గదిలో ఈ మూల కూర్చుని, శాలువా కప్పుకుని ఆయన కొట్టిన మాట అది. అక్షరాలు తెర మీద కనపడవు, అందుకే పక్కనే ఉన్నా ఆమె ఎప్పుడూ చూడలేదు.

"కొట్టావా?"

"కొడుతున్నాను మాస్టారూ."

నొక్కింది. తాళంచెవి అవతలికి వెళ్ళింది.

"ఏమంది?"

"ఏమీ అనలేదు."

రోడ్డవతల మాస్టారు లేచి నిలబడి, గ్లాసు బెంచీ మీద పెట్టి, పంచె దులుపుకుని బస్సు కోసం వెళ్ళారు.

శుక్రవారం నాలుగున్నరకు చార్టు వచ్చింది. పక్క డిపో నుంచి అందిందని కబురూ వచ్చింది. గుమస్తా అక్క కాగితం చివర వేలు పెట్టింది.

"ముద్రించినవారు డిపో అని ఉంది. ఈ డిపో ఎవరే?"

"ఎవరూ కాదక్కా."

"ఎవరూ కాకపోతే రేపు ఆగితే ఎవర్ని తిట్టను?"

ఆమె ఒక కాగితం చేతికిచ్చింది. ఒకే పేజీ. ఆగితే ఏం చూడాలి, ఏ మాట కొట్టాలి, ఎప్పుడు ఊరుకోవాలి. అక్క చేత అక్కడికక్కడే రెండుసార్లు కొట్టించింది. మొదటిసారి అక్క అరచేత్తో మీటలు బాదింది.

"మెల్లిగా అక్కా, అది మీ ఆయన కాదు."

"ఆయనైతే పలికేవాడా? ఇదే నయం."

పదకొండు గంటలకు మిషనమ్మ మేనేజరును మిషను గదికి రమ్మంది. అక్క కూడా వచ్చి గోడకానుకుని నిలబడింది. ఆమె పుస్తకం తీసి ముప్పై ఒకటో పేజీ ఆయన ముందు పెట్టింది. మిషనులో అన్ని ఖాతాలనూ తెరిచే పెద్ద తాళంచెవిలాంటి మాటను రాసి అంటించిన కవరు దాని మీద పెట్టింది. ఆ తరువాత తన ఖాతాలోంచి బయటికి వచ్చి, ఆ మాటతోనే మళ్ళీ లోపలికి వెళ్ళి, నల్ల తెర మీద, ఖాతాను తీసేసే మాట కొట్టి, ఫైళ్ళతో సహా అని చెప్పే గుర్తు పెట్టి, పక్కన తన పేరు కొట్టింది.

మేనేజరు కళ్ళద్దాలు సర్దుకుని తెర చదివాడు. "ఆగండి. ఆగండమ్మా! ఏం చేస్తున్నారు?"

"రాసినట్టే చేస్తున్నాను సార్."

"మొన్నటిలా ఆగిపోతే?"

"ఆగితే ఒంటిగంట చార్టు ఆగాలి. రెండు గంటల్లో తెలుస్తుంది. ఇక్కడే కూర్చుని చూద్దాం."

నొక్కింది. ఈసారి వేలు ఆగలేదు. మిషను ఏమీ అనలేదు.

ముగ్గురూ కూర్చున్నారు. మేనేజరు రెండుసార్లు లేచి కిటికీ దాకా వెళ్ళొచ్చాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని ప్రింటరు వైపు చూస్తోంది. చెయ్యడానికి ఏమీ లేదు, తన పేరుతో మిషను ఆమెనిక లోపలికి రానివ్వదు. పదేళ్ళలో ఆ కుర్చీలో చేతులూరికే పెట్టుకుని కూర్చోవడం అదే మొదటిసారి. రిలీవింగ్ లెటరూ, కూతురు పడుకుని చూసిన మంచమూ, అన్నీ ఆ ప్రింటరు నోట్లో ఉన్నాయి. ఒంటిగంట కొట్టింది. ప్రింటరు కదల్లేదు. అక్క పైట చెంగు పళ్ళ మధ్య పెట్టుకుంది.

"గోడగడియారం రెండు నిమిషాలు ముందు," అందామె.

ప్రింటరు ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలి, గరగరమని కాగితం లాక్కుంది.

చార్టు బయటికొచ్చింది. అక్క చింపి, మేనేజరు వైపు చూడకుండా, "నే వెళ్తున్నా, అవతల కిటికీ దగ్గర మనుషులు," అని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "నేను చూసుకుంటాను సార్. ఆవిణ్ణి పంపించెయ్యండి. ఖాతా లేని మనిషిని కూర్చోబెట్టి ఏం చేయిస్తారు?"

మేనేజరు కవరు తిప్పి తిప్పి చూశాడు. తన గదికి వెళ్ళి సొరుగులోంచి మూడు నెలల నాటి కాగితం తీశాడు. సంతకం పెడుతూ, "పుస్తకంలో ఇదంతా లేదే," అన్నాడు.

"లేదు సార్," అందామె.

శనివారం పొద్దున ఏడు గంటల బస్సు. సంచీలో నాలుగు చీరలు, పెంగ్విను అంటించిన ల్యాప్‌టాప్, లెటరున్న ఫైలు. ఆ ల్యాప్‌టాప్‌లోని సిస్టమ్ కూడా డిపో మిషను వంశంలోదే. ఒక ఆదివారం మాస్టారు దగ్గర కూర్చుని ఎక్కించారు. మాస్టారు బస్సు దాకా వచ్చారు. చేతిలో కాగితంలో చుట్టిన పొట్లం. రబ్బరు బ్యాండు చూసి అదేమిటో ఆమె పోల్చుకుంది.

"ఇచ్చెయ్యడం లేదు," అన్నారాయన ముందే. "మీ అమ్మాయికి చూపించు. అక్షరాలు లేకుండా కొట్టగలదేమో చూడు. మళ్ళీ తెచ్చివ్వాలి."

"వచ్చేనెల దాన్ని తీసుకుని నేనే వస్తాను మాస్టారూ. టీ మాత్రం నేను పెడతాను."

"రా. చక్కెర ఎక్కడుందో కనుక్కున్నాను."

డ్రైవరు హారన్ కొట్టాడు. "మిషనమ్మా, ఎక్కు. ఆలస్యమైతే ఇవాళ చార్టు వేసినవాళ్ళని తిడతారు. అదెవరో కూడా తెలీదాయె."

ఆమె కిటికీ పక్కన కూర్చుని పొట్లం ఒళ్ళో పెట్టుకుంది. బస్సు తిరిగేదాకా మాస్టారు అక్కడే నిలబడి ఉన్నారు.

వచ్చేనెల కూతురికి పరీక్షలు. ఆ పై నెల కొత్త ఆఫీసులో పని ఎక్కువ. మాస్టారు పోయారని గుమస్తా అక్క ఫోన్ చేసినది రెండేళ్ళ తరువాత, ఒక బుధవారం పొద్దున. ఆ రోజు కొత్త ఆఫీసులో పాత మిషను ఆపి కొత్తది పెడుతున్నారు, ఆమె పేరు మీద నడిచే పనులు పదకొండు ఉన్నాయి. ముగించుకుని బయలుదేరదామనుకుంది. ముగిసేసరికి గురువారం మధ్యాహ్నం అయింది.

ఆ శనివారం పొద్దున ఏడు గంటలకు వెళ్ళిన మిషనమ్మ, ఆ ఊరికి మళ్ళీ రాలేదు.